అంజత్తకు కట్టిన షెడ్డు

అంజత్త పోయిందన్న మాట నాకు చెప్పింది ముక్కూమొహం ఎరగని ఒక ఆడమనిషి. మోతీనగర్‌లో మా ఫ్లాటు వంటగదిలో నిలబడి పొద్దుటి చాయ్ వడగడుతున్నాను. ఫోన్ మోగితే ఒక చేత్తో గిన్నె పట్టుకునే ఎత్తాను. "మేడం, నేను బోరబండకెల్లి మాట్లాడుతున్న, రేణుకను. అంజమ్మ పక్క రూముల ఉంటం మేము. రాత్రి మంచిగనే తిని పండుకున్నది మేడం. పొద్దుగాల లేపవోతే లేవలే. ఆమె ఫోన్ల మేనకోడలు అని మీ నంబరుంటే చేస్తున్న" అంది. ఏడవాల్సిన దాన్ని నేను, ఊరుకోబెట్టాల్సింది ఆమె. కానీ ఆమే వెక్కివెక్కి ఏడ్చింది, నేనే "ఊకో అమ్మా, వస్తున్న, ఊకో" అన్నాను. ఫిలింనగర్‌లో ఉన్న మా తమ్ముడు శ్రీనుకు ఫోన్ చేసి, చీర మార్చుకుని ఆటో ఎక్కాను. మోతీనగర్ నుంచి బోరబండ ఎంత దూరమని? ఎక్కిన ఆటో వేడెక్కేలోగా దిగొచ్చు. అంత దగ్గర్లో మేనత్త ఉండగా పండక్కో పబ్బానికో తప్ప పోయినదాన్ని కాదు. ఆటోలో కూర్చున్నాక అత్త ముఖం కళ్ళముందుకు తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా రాలేదు. మా పెరట్లో ఆమె కోసం మేమందరం కలిసి కట్టిన షెడ్డే కనిపించింది.

ఇప్పుడు ఫిలింనగర్ గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. జూబ్లీహిల్స్ రోడ్డు మీద అద్దాల మేడలు, కార్లు పెట్టుకోను చోటులేని కాఫీ హోటళ్ళు, గేటు బయటి నుంచి తల ఎత్తి చూస్తే మెడ పట్టేసే ఇళ్ళు. నా చిన్నతనంలో ఆ గుట్ట మీద మనుషులకన్నా బండరాళ్ళు ఎక్కువ. బండల మధ్య సీతాఫలం చెట్లు, తుమ్మ పొదలు, వాటి మధ్య కాలిబాటలు. మధ్యాహ్నంపూట బండలు పేల్చేవాళ్ళు ముందు ఈల ఊదేవారు. ఈల వినపడగానే నానమ్మ అన్నంగిన్నె మీద, నీళ్ళకుండ మీద మూతలు పెట్టి, నన్ను దగ్గరికి లాక్కుని చెవులు మూసేది. ఢామ్మని పేలిన తర్వాత కాసేపటికి ఇంటి రేకుల మీద సన్నటి రాతిదుమ్ము వాన పడ్డట్టు రాలేది. ఎవరో పెద్దవాళ్ళ బంగళాకు పునాది పడుతోందని అర్థం. మా బాపు స్టూడియోలో లైట్‌మన్. చెయ్యి తగిలితే కాలే పెద్దపెద్ద దీపాలను నెత్తిన మోసుకుని నిచ్చెనలెక్కడం ఆయన పని. ఆయనతో పాటు పనిచేసే వాళ్ళు కొందరు గుట్ట కింది వాలులో తలా కాస్త జాగా చదును చేసుకుని ఇళ్ళు వేసుకుంటే, మాదీ ఒక ఇల్లు లేచింది. రెండర్రలు, ముందర చిన్న వసారా, పైన రేకులు. వెనక పెరడు. ఆ పెరట్లో సగం జాగా ఒక పెద్ద బండదే. ఏనుగు పడుకున్నంత బండ.

ఆ రెండర్రల్లో ఐదుగురం ఉండేవాళ్ళం. బాపు, అమ్మ, నానమ్మ, నేను, అంజత్త. అంజత్త బాపుకు చెల్లెలు. మొగుడు ఇంకొకామెను తెచ్చుకుంటే ఆ ఇంట్లోంచి తన కుట్టుమిషను ఒక్కటి తెచ్చుకుని అన్న దగ్గరికి వచ్చేసింది. బాపు ఆమెను స్టూడియోలో బట్టల విభాగంలో పనికి పెట్టించాడు. హీరో పక్కన ఎగిరే గుంపు దుస్తులకు అంచులు కుట్టడం, చిరిగినవి అతకడం, చెమట పట్టినవి ఉతికి ఇస్త్రీ చేయడం. సగం పని ఇంటికి తెచ్చేది. అందుకే మా ఇంట్లో పొద్దున నానమ్మ కొట్టే జొన్నరొట్టె వాసనతో పాటు గంజి వాసన, ఇస్త్రీపెట్టెలో బొగ్గుల వాసన, ఎవరెవరో నటీమణుల ముఖాల పౌడర్ వాసన కలిసి ఉండేది. నానమ్మ ఆకువక్క సంచి విప్పి నమలడం మొదలుపెడితే ఇంట్లో పని ఒక కొలిక్కి వచ్చినట్టు. అప్పుడు అత్త మిషను ఆపి, కాళ్ళు చాపుకుని కూర్చుని, నా తల దువ్వేది. రాత్రి నేను ఆమె పక్కనే పడుకునేదాన్ని. ఆమె చీర కొంగు చేతికి చుట్టుకోకుండా నాకు నిద్ర పట్టేది కాదు.

తమ్ముడు శ్రీను పుట్టడానికి కొద్దిరోజుల ముందు అత్తకు దగ్గు మొదలైంది. బట్టల దుమ్మని ఆమె, పొయ్యి పొగని నానమ్మ అనుకున్నారు. ఒకరోజు మిషను మీద కుడుతున్న తెల్లబట్ట మీద ఎర్రగా పడింది. ఆమె గబుక్కున ఆ గుడ్డ మడిచి దాచుకోవడం నేను చూశాను, అమ్మా చూసింది. మర్నాడు బాపు ఆమెను ఎర్రగడ్డ దిక్కు పెద్ద దవాఖానకు తీసుకుపోయి ఒక్కడే తిరిగి వచ్చాడు. ఆ రోగం పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు. "ఆ బీమారి" అనేవాళ్ళు, అదీ గొంతు తగ్గించి. అత్త దవాఖానలో ఉండగానే తమ్ముడు పుట్టాడు. నెలలు గడిచాయి. బాపు ఆదివారాలు పోయి చూసివచ్చేవాడు. వచ్చి పెరట్లోనే తానం చేసి లోపలికి వచ్చేవాడు. అట్లా చేయమని ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.

ఒకనాటి సాయంత్రం రొట్టెలు తింటూ బాపు అన్నాడు. "డాక్టర్‌సాబ్ మంచిగైతుందన్నడు. వచ్చే నెల తీస్కపొమ్మన్నడు. గోలీలు మాత్రం ఇంకా మింగాల్నట."

"ఏడికి?" అంది అమ్మ.

బాపు చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. "ఏడికేంది? ఇంటికి."

అమ్మ పెనం మీది రొట్టె తిప్పింది. మళ్ళీ తిప్పింది. దాని రెండు పక్కలూ మాడిపోతున్నాయి. "నా తమ్ముడు గీ బీమారితోనే నా ఒళ్ళె పోయిండు. నీకెరుకే గద. నేను గప్పుడు పద్మంత లేకుంటి. వాని మూతి నా లంగ కొసతోనే తుడిసిన" అంది నన్ను చూపించి. తర్వాత ఉయ్యాల దిక్కు చూసింది. "పిలగాడు చంటోడు. రెండర్రలు. నేనొద్దంటలేను. ఏడ పండవెట్టాల్నో నువ్వే చెప్పు."

నానమ్మ గోడవైపు తిరిగి అంది. "కోడలన్నది తప్పేం గాదు కొడుకా. నా కడుపుల పుట్టిందే అది. నాకు పాణం గుంజదా? అయినా చంటిపిల్లగాడున్న ఇల్లు."

బాపు లేచి చేయి కడుక్కుని పెరట్లోకి పోయాడు. చీకటి పడేదాకా ఆ బండకు వీపు ఆనించి కూర్చున్నాడు. మర్నాడు డ్యూటీ లేదు. నేను నిద్రలేచేసరికి బండ పక్కన సీతాఫలం పొదలు కొట్టేసి, గడ్డపారతో నేల చదును చేస్తున్నాడు. అమ్మ వసారాలో నిలబడి కాసేపు చూసింది. తర్వాత తమ్ముణ్ణి నానమ్మ ఒడిలో వేసి, కొంగు నడుముకు చెక్కి, తట్ట తీసుకుని ఆయన పక్కకు పోయింది.

మా అమ్మ గురించి ఎవరైనా ఒక్కమాట తేలిగ్గా అంటే నేను పడలేకపోవడం ఇందుకే. ఆ షెడ్డు కట్టడంలో అందరికంటే ఎక్కువ కష్టం ఆమెదే. దీపాలు మొయ్యడం తప్ప బాపుకు ఇంకో పని రాదు. గోడ ఎట్లా లేపాలో తెలియదు. బండలు పేల్చిన చోట మిగిలిన రాతిముక్కలు తట్టల్లో మోసుకొచ్చి, మట్టి తొక్కి, నడుము ఎత్తు వరకు గోడ పేర్చారు ఇద్దరూ. ఒక పక్క బండే గోడ, కాబట్టి మూడు పక్కలే కట్టాలి. అందులో ఒక గోడ రెండుసార్లు కూలింది. మూడోసారి అమ్మ బాపును పక్కకు జరగమని తానే రాళ్ళు ఏరి పెట్టింది, అది నిలబడింది. నడుము పైనుంచి చెక్కలు. స్టూడియోలో షూటింగ్ అయిపోయిన సెట్టు విరగ్గొడితే ప్లైవుడ్ పలకలు, చువ్వలు వచ్చేవి. బాపు మేస్త్రీని బతిమాలి కొన్ని తెచ్చుకున్నాడు. అందుకే మా షెడ్డు లోపలి గోడలు ఒక పక్క పాలరాతి రంగులో, ఇంకో పక్క పల్లెటూరి మట్టిగోడ రంగులో ఉండేవి. తలుపు మటుకు ఏదో రాజుగారి అంతఃపురం సెట్టులోది. బంగారు రంగు పూలు, రెండు నెమళ్ళు, పెద్ద పెద్ద గుబ్బలు. చూస్తే నలుగురు మోసేంత బరువనిపించేది కానీ నేను ఒక్కదాన్నే ఎత్తగలిగేదాన్ని. అది మా గోడకన్నా ఎత్తయితే బాపు రంపంతో పైభాగం కోసేశాడు. నెమళ్ళ తలలు పోయాయి. నానమ్మ అది చూసి నోట్లో ఆకు మింగేసేంత నవ్వింది.

ఆ పనులు జరిగినన్నాళ్ళు మా ఇంట్లో ఉన్న సంతోషం మళ్ళీ నేను చూడలేదు. బాపు స్టూడియో నుంచి వస్తూనే చొక్కా విప్పి మట్టిలోకి దిగేవాడు. ఆయన అరచేతులు బొబ్బలెక్కి పగిలితే అమ్మ రాత్రి కొబ్బరినూనె రాసేది. నేను బడి నుంచి వచ్చి చిన్నరాళ్ళు అందించేదాన్ని. అత్త వస్తుంది, మళ్ళీ నా తల దువ్వుతుంది అన్న ఆలోచన తప్ప నాకు వేరే ఏమీ లేదు. కిటికీ దగ్గర మాత్రం అమ్మకూ బాపుకూ మాట పట్టింపు వచ్చింది. గాలి వచ్చే దిక్కున, అంటే గుట్ట వైపు పెడదామన్నాడు బాపు. అమ్మ ఒప్పుకోలేదు. "గుట్టను సూసుకుంట ఎట్ల కూసుంటది మనిషి? మన వంటింటి దిక్కు పెట్టు. మనం కనవడుతుంటె దానికి జర పాణం నిమ్మళముంటది. దూపయి నీళ్ళు కావాల్నంటె పిలుస్తది" అంది. చివరికి అటే పెట్టారు. రేకులు వేసి, గాలికి లేవకుండా వాటి మీద రాళ్ళు పెట్టి, అమ్మ నేలంతా ఎర్రమట్టితో అలికి ముగ్గు వేసింది. మొదటి వానకు బండ మీదినుంచి నీళ్ళు ధారగా లోపలికి జారితే, బాపు వానలోనే కూర్చుని బండ మొదట్లో నీళ్ళు పోను మోరీ తవ్వాడు.

అత్త ఆటో దిగి, ఇంటి పక్క సందులోంచి నేరుగా పెరట్లోకే నడిచి వచ్చింది. సగమైపోయింది మనిషి. మెడ దగ్గర ఎముకలు బయటికి కనిపిస్తున్నాయి. తలుపు చూసి ఆగిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకునే నవ్వింది. "ఏందన్నా, రాణిని చేసినవా నన్ను?" అంది. బాపు ఏదో మర్చిపోయినట్టు బండ వెనక్కు పోయాడు. అత్త గోడల మీద చేయి వేసి నిమిరింది, అలికిన నేల చూసింది. "వదినే, నువ్వే అలికినవు గద. నీ చేతి అలుకు నాకు ఎరుకే" అంది. అమ్మ దూరం నుంచే తల ఊపింది. అమ్మ కళ్ళలో నీళ్ళు. నేను పరుగెత్తబోతే నానమ్మ రెక్క పట్టుకుని ఆపింది. "గీడికెల్లే మాట్లాడు బిడ్డా" అంది.

గీడికెల్లే. కూలిన సీతాఫలం మొద్దు ఒకటి ఉండేది, దాని మీద కూర్చోవాలి, అది దాటకూడదు. అక్కడ కూర్చుని నేను పాఠాలు గట్టిగా చదివితే అత్త కిటికీలోంచి వినేది. తప్పు చదివితే సరిచేసేది. ఏ హీరోకు నడుము దగ్గర ఎంత దూది పెట్టి కుట్టారో, ఏ రాణిగారి జాకెట్టు వెనక పిన్నీసులతో నిలబడిందో చెప్పి నవ్వించేది. ఆమెకు వేరే కంచం, వేరే గ్లాసు. అమ్మ పూటపూటకూ వేడివేడిగా వడ్డించి, తలుపు ముందున్న బండరాయి మీద పెట్టి పక్కకు వచ్చేది. కూరలో మంచి ముక్కలన్నీ ఆ కంచంలోనే ఉండేవి. కోడిగుడ్డు ఆ కంచంలోనే. మిషను కూడా షెడ్డులోకి మార్చారు. కొద్దిగా ఒళ్ళు వచ్చాక మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. రాత్రి నాకు నిద్ర పట్టకపోతే ఆ మిషను చప్పుడు వింటూ పడుకునేదాన్ని.

చివరి గోలీ కూడా అయిపోయిన తర్వాత బాపు ఆమెను దవాఖానకు తీసుకుపోయాడు. వస్తూ జిలేబీ పొట్లం తెచ్చాడు. "సాఫ్ అయిపోయింది. డాక్టర్‌సాబ్ రెండుసార్లు చూసిండు. ఇగ ఎవ్వరికి అంటదు, అందరితోని కలిసి ఉండొచ్చన్నడు" అని ఇంటి ముందు నిలబడి వీధికంతా వినపడేట్టు చెప్పాడు. ఆ సాయంత్రం అత్త తలంటుకుంది. మంచి చీర కట్టుకుంది. తన బట్టలు ట్రంకుపెట్టెలో సర్దుకుని, ఆ పెట్టె పక్కన పెట్టుకుని, నెమళ్ళ తలుపు గడప మీద కూర్చుంది. వంటింట్లో దీపం వెలిగింది. బాపు వచ్చి వసారాలో కూర్చున్నాడు. ఆయన అమ్మ దిక్కు చూశాడు. అమ్మ పాకుతున్న తమ్ముణ్ణి ఎత్తుకుని చంకనేసుకుంది. నానమ్మ ఆకు నములుతూ నేల చూసింది. ఎవరైనా ఒక్కరు లేచి, పెరటి గుమ్మంలోంచి ఒక్క పిలుపు పిలిస్తే అయిపోయేది.

చాలాసేపటికి అత్తే అడిగింది అక్కణ్ణుంచే. "వదినే, నేనొచ్చి రొట్టెలు చెయ్యనా?"

"ఎందుకంజమ్మా, నువ్వు జర రెస్టు తీస్కో" అంది అమ్మ ఎంతో మెత్తగా.

అమ్మ కంచం తీసుకుపోయి బండరాయి మీద పెట్టింది. అందులో రెండు జిలేబీలు ఎక్కువే ఉన్నాయి. "ఇంకొన్ని దినాలు గానీ" అంది నానమ్మ, ఎవరూ అడక్కముందే. అత్త పెట్టె లోపలికి జరుపుకుంది. కాసేపటికి మిషను చప్పుడు వినిపించింది.

ఆ కొన్ని దినాలు ఏళ్ళయ్యాయి. ఎవరూ ఆమెను ఒక్క కఠినమైన మాట అనలేదు. ఆమె స్టూడియోకు పోయి పనిచేసుకుని వచ్చేది, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ పలకరించేవాళ్ళు, పండక్కి కొత్తచీర పెట్టేవాళ్ళం. ఎండాకాలం ఆ బండ పగలంతా కాగి రాత్రంతా వేడి కక్కుతుంటే ఆమె తలుపు తీసుకుని గడప మీద కూర్చునేది. బాపు ఇంకో కిటికీ పెడతానన్నాడు, పెట్టాడు కూడా. దోమలకు తెర వేశాడు. కరెంటు దీపం ఇచ్చాడు. ఆయన ఆ షెడ్డుకు ఏదో ఒకటి చేస్తూనే ఉండేవాడు. చెయ్యాల్సిన ఒక్కటీ చెయ్యలేక ఇవన్నీ చేస్తున్నాడని నాకు అప్పుడు తెలియదు.

నేను పెద్దమనిషినైనప్పుడు అత్త నాకు లంగా, జాకెట్టు కుట్టింది. ఏదో పాటకు తెచ్చిన జరీగుడ్డలో మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకుని, చిలకపచ్చకు ఎర్ర అంచు వేసి, మిగిలిన పనులన్నీ మానుకుని కుట్టింది. మడిచి, పాతచీరలో చుట్టి, బండరాయి మీద పెట్టి "పద్మా, నీకే" అని కేకేసింది. నేను ముట్టుకోబోతుంటే అమ్మ వచ్చి తీసుకుంది. పెరట్లో మూడురాళ్ళ పొయ్యి మీద కాగుతున్న నీళ్ళగుండిలో ఆ బట్టలు వేసి కర్రతో తిప్పడం మొదలుపెట్టింది. నీళ్ళు మొదట పచ్చబడ్డాయి. తర్వాత ఎర్ర అంచు రంగు దిగి, గుండి అంతా ఒక బురద రంగుకు వచ్చింది.

అత్త కిటికీ దగ్గర లేదు. బయటికి వచ్చి మొద్దు దగ్గర నిలబడింది. "అది జరీగుడ్డ వదినే. ఉడకవెడితే రంగు దిగుతది. సల్లనీళ్ళల్ల జాడిస్తే సాలు" అంది. గొంతులో కోపం లేదు. దర్జీమనిషి ఎవరికైనా చెప్పేమాట చెప్పినట్టే చెప్పింది.

అమ్మ వెనక్కు తిరగలేదు. "దుమ్ముంటదని" అంది.

"ఆఁ. గంతే గద" అని అత్త లోపలికి పోయింది.

వారం తిరక్కముందే రిక్షా తెచ్చుకుంది. బోరబండలో కిరాయికి రూము దొరికిందని, పనికి దగ్గరని చెప్పింది. స్టూడియో మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. బోరబండ నుంచి రెండు బస్సులు మారాలి. బాపు షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఈడ నీకేం తక్కువైంది అంజీ?" అన్నాడు.

"ఏం తక్కువ గాలేదన్నా. నీ అరచేతులు పలిగినయి నాకోసం. నేను మర్శిపోత్నా?" అంది. ఆయన చేతులు పట్టుకోబోయి, మళ్ళీ ఏమనుకుందో, పట్టుకోలేదు. బాపు మిషను నెత్తిన పెట్టుకుని రోడ్డుదాకా మోసి రిక్షాలో పెట్టాడు. అమ్మ అప్పటికప్పుడు కట్టిన సద్ది మూట అందించింది. అత్త తీసుకుంది.

ఆమె పోయాక పరీక్షలకు చదువుకోవడానికి నేను ఆ షెడ్డులోకి పోవడం మొదలుపెట్టాను. ఇంట్లో తమ్ముడి అల్లరి పడలేక. మొదటిరోజే కిటికీ కింద చాప పరుచుకుని పుస్తకం తెరిస్తే, వంటింట్లో అమ్మ, నానమ్మతో ఉప్పు సరిపోయిందా అని అడగడం నా చెవిలో అడిగినట్టు వినిపించింది. ఆ బండ వల్లనో ఏమో, ఒక్క మాట పొల్లుపోవడం లేదు. నానమ్మ నిట్టూర్పు కూడా వినపడుతోంది. పుస్తకం మూసేశాను. ఇన్నేళ్ళూ ఆ వంటింట్లో ఎన్ని మాటలు జరిగాయో ఒక్కొక్కటీ గుర్తుకు రాసాగింది. "దాని దగ్గు ఇంకా తగ్గలేనట్టుంది." "చుట్టాలొస్తున్నరు, దాన్ని జర లోపల్నే ఉండమను." "రేపు పిల్లకు సంబంధాలొస్తె ఏమనుకుంటరు?" ఆమెకు వినపడకూడదనే గొంతు తగ్గించి అనుకున్న మాటలు. ఆమెను ఒంటరిగా వదలకూడదని అమ్మ పట్టుబట్టి పెట్టించిన కిటికీలోంచి అవన్నీ ఆమె దగ్గరికి పోయాయి. ఆ సంగతి నేను అమ్మకు చెప్పలేదు. చెప్పివుంటే ఆమె బతికినన్నాళ్ళు నిద్రపోయేది కాదు.

ఆ తర్వాత అత్త మా ఇళ్ళల్లో శుభకార్యాలకు వచ్చేది. నా పెళ్ళికి వచ్చింది, చివరి వరుసలో కూర్చుంది. భోజనానికి లేపితే ఉపాసమంది. తమ్ముడి పెళ్ళిలో వాడు కాళ్ళకు దండం పెట్టబోతే వెనక్కు జరిగి, దూరం నుంచే అక్షింతలు వేసింది. బాపు నెలకోసారి బోరబండ పోయి వచ్చేవాడు. ఆయన ఉన్నన్నాళ్ళు ఆ షెడ్డులో ఎవరినీ ఏదీ పెట్టనివ్వలేదు. పాత సామాను పెడదామంటే కసురుకునేవాడు. ఏటా వానలకు ముందు రేకులెక్కి రాళ్ళు సర్దేవాడు. అమ్మ చివరి రోజుల్లో మంచంలో ఉండి, నేను కాళ్ళు ఒత్తుతుంటే ఉన్నట్టుండి అంది. "దాన్ని లోపలికి రమ్మందమని రోజు అనుకున్న పద్మా. రేపు అందం, రేపు అందం అనుకుంటనే ఉన్న. భయం ఎప్పుడో పోయింది బిడ్డా. ఇన్నొద్దులు అననిదాన్ని ఇగ ఏం మొహం పెట్టుకుని అంటనని ఊకున్న." అమ్మా బాపూ పోయాక తమ్ముడు ఆ జాగాలో మూడంతస్తులు లేపాడు. ఈలా లేదు, పేలుడూ లేదు, బండను మిషనుతో రొట్టె కోసినట్టు కోసుకుపోయారు. షెడ్డు ఒక్కపూటలో తీసేశారట. ఇప్పుడక్కడ కార్లు పెట్టుకుంటారు. కింద నాలుగు గదులు ఖాళీగానే ఉంటాయి, ఎప్పుడైనా చుట్టాలు వస్తే ఉండడానికని. రెండర్రల్లో జాగా చాలలేదని ఒక మనిషిని బయట పెట్టుకున్నాం. నాలుగు గదులు ఖాళీగా ఉన్నాక కూడా ఆమెను పిలవలేదు, ఇప్పుడు పిలవడానికి మాకు ఎవరూ మిగల్లేదు.

బోరబండ ఎగువ సందులో ఆటో దిగేసరికి ఇంటి ముందు యాభైమంది దాకా ఉన్నారు. అందరూ ఆ గల్లీవాళ్ళే. అత్త తన రూములో లేదు. ఆ రూము చిన్నదని రేణుక వాళ్ళింటి ముందుగదిలో, మధ్యలో, చాప మీద పడుకోబెట్టారు. తలాపున దీపం. ఇద్దరు ఆడపిల్లలు చెరోపక్క కూర్చుని ఆమె చేతులు పట్టుకుని ఏడుస్తున్నారు. రేణుక నలభై ఏళ్ళ మనిషి, ఇళ్ళల్లో వంటచేస్తుందట. నన్ను చూసి లేచి వచ్చింది. "మా పోరగాండ్లు ఆమె చేతిలనే పెరిగిన్రు మేడం. నేను పనికి పోతె బువ్వ తినవెట్టేది, తన కంచంలకెల్లే. పండుకునేది కూడ మాతోనే. ఆ రూముల మిషను తప్ప ఏముంటది?" అంది.

నేను అత్త కాళ్ళ దగ్గర కూర్చున్నాను. రేణుక నా పక్కన కూర్చుంది.

"మీ నాయిన గురించి రోజు చెప్పేది మేడం. 'మా అన్న నాకోసం సొంత చేతులతోని ఇల్లు కట్టిండు, రాజుల తలుపు పెట్టిండు, మా వదినె అలికి ముగ్గేసింది, గిసొంటోళ్ళు ఎవ్వరికున్నరు' అని. మా పోరగాండ్లు మరి ఆ ఇల్లు ఇడిసి గీడికెందుకొచ్చినవవ్వా అంటె, 'నాకే బుద్ధి లేకుండె, నేనే ఇడిసిపెట్టి వచ్చిన' అని నవ్వేది."

శ్రీను కారు సందులోకి రాక, కింద ఆపి నడిచివచ్చాడు. నలభై దాటినవాడు, జుట్టు నెరుస్తోంది. అత్త కాళ్ళ దగ్గర కాసేపు నిలబడి నన్ను పక్కకు పిలిచాడు. "అక్కా, మనింటికి తీసుకపోదాం. హాల్లో పెడదాం. మనింట్లోంచే పంపిద్దాం. బాపు ఉంటే అదే చేసేవాడు" అన్నాడు. వాడి మనసు మంచిది. రేణుక ఆ మాట విన్నది. "మీ మనిషి మేడం, మీరెట్లంటె అట్ల" అంటూనే అత్త పక్కన కూర్చున్న పిల్లల దిక్కు చూసింది. పెద్దపిల్ల అత్త చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"వద్దు శ్రీనూ" అన్నాను. "ఆమె ఇంట్లోనే ఉంది."

మధ్యాహ్నం దాటాక ఆ సందులోంచే పాడె లేపారు. ముందు ఎడమభుజం శ్రీనుదే. సందు మలుపులు ఎక్కువ, వాలు ఎక్కువ. భుజం మార్చుకోమని గల్లీ వాళ్ళు ఎందరడిగినా వాడు మార్చలేదు. శ్మశానం దాకా అట్లాగే మోశాడు.

తిరిగి వచ్చేటప్పుడు నన్ను మోతీనగర్‌లో దింపుతానని కారులో ఎక్కించుకున్నాడు. ఎర్రగడ్డ చౌరస్తాలో ఎర్రదీపం పడి కారు ఆగింది. వాడు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ అడిగాడు.

"అక్కా, చిన్నప్పుడు ఎప్పుడన్నా ఆమె నన్ను ఎత్తుకున్నదా?"

"లేదు" అన్నాను.

పచ్చదీపం పడింది. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. వాడు కారు కదపలేదు.